చీమలు గీసిన గుండ్రం

ఆ రిపోర్టులో ఉన్న తప్పల్లా ఒక్కటే. అందులో తప్పన్నది ఎక్కడా లేదు.

భూతద్దం దాన్ని మూడోసారి చదివింది. హాల్లో గోడ గడియారం పన్నెండూ అయిదు చూపిస్తోంది. భూతద్దం అన్నది ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, ల్యాబ్‌లో వాళ్లు పెట్టింది. ఇరవై రెండేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని ఊరందరి యూరిన్ పరీక్షించాక, ఉద్యోగం మానేసి డిటెక్టివ్ బోర్డు కట్టుకుంది. ఎవరైనా వింతగా చూస్తే, "రెండూ ఒకటే పనండీ, జనం దాచుకున్నది బయటికి తియ్యడం. కాకపోతే వాసన ఈ పనిలోనే ఎక్కువ" అంటుంది.

"ఇంకా ఎంతసేపు చదువుతారు? అది రిపోర్టు, ప్రేమలేఖ కాదు" అన్నాడు ఎదురు కుర్చీలోంచి ఇన్‌స్పెక్టర్.

"ప్రేమలేఖల్లోనే ఇంత తియ్యటి అబద్ధాలుంటాయి. అందుకే మళ్లీ చదువుతున్నాను."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. యాభై దాటిన మనిషి. అతని కండల బలానికి చొక్కా చేతుల కుట్లు ఎప్పుడెప్పుడు పిగిలిపోదామా అన్నట్టున్నాయి. రోజూ పొద్దున్నే బరువులెత్తుతానని ఇంట్లో అందరికీ ఒకసారి, అడగనివాళ్లకి రెండుసార్లు చెప్పి ఉన్నాడు. ఇదివరకు రెండు కేసుల్లో భూతద్దం తేల్చిన నిజాన్ని తన పేరున పేపర్లో వేయించుకున్నాడు. మూడో దాంట్లో ఆమెని స్టేషన్ గుమ్మంలో గంటన్నర నిలబెట్టాడు. ఆమె ఆ గంటన్నరని మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

పై గదిలో హెడ్‌మిస్ట్రెస్ గారు మగతగా పడుకుని ఉన్నారు. రిటైరై పదకొండేళ్లయింది. డెబ్బై ఒక్కేళ్లు, ముప్పై ఎనిమిది కిలోలు. ఎదురుగా ఉన్న గోడౌన్ కాపలావాణ్ణి చంపిన సాయంత్రం, అయిదూ నలభైకి గేటులోంచి బయటికొచ్చిన మనిషిని కిటికీలోంచి చూసింది ఆవిడ ఒక్కరే. రేపు పొద్దున పదిన్నరకి కోర్టులో ఆ మనిషి వైపు వేలు చూపించాలి. ఆవిడకి కాపలాగా ఇన్‌స్పెక్టర్ ఈ ఇంట్లో కూర్చుని పది రోజులైంది. ఆవిడకి మాట తడబడటం మొదలై వారమైంది. నిన్న కోడల్ని పట్టుకుని, "ఫోర్త్ బెంచీ, లేచి నిలబడు" అన్నారట.

భూతద్దాన్ని పిలిపించింది ఆ కోడలే. "మా అత్తయ్యకి మతి పోలేదు పిన్నిగారూ. పోయిన నెల దాకా పేపర్లో అచ్చుతప్పులకి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేవారు. ఎవరో ఏదో చేస్తున్నారు" అంది.

కిడ్నీల మీద అనుమానంతో డాక్టరు ఇరవై నాలుగు గంటల యూరిన్ పరీక్ష రాశాడు. మంగళవారం పొద్దున ఆరు నుంచి బుధవారం పొద్దున ఆరు దాకా పోసిందంతా ఒక డబ్బాలో పట్టి పంపాలి. నిన్న మధ్యాహ్నం రిపోర్టొచ్చింది. కిడ్నీల పనితనం నూట ఇరవై నాలుగు.

"బ్రహ్మాండమైన కిడ్నీలు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అంటే ఒంట్లో లోపం లేదు, విషమూ లేదు, కుట్రా లేదు. పెద్దావిడకి మతి తప్పింది, అంతే. రేపు కోర్టులో ఆ మాటే రాసిస్తాను. మీరింక ఇంటికెళ్లి వంట చూసుకోవచ్చు."

"పొద్దున్నే వండేసి వచ్చాను. నాకు తొందరేం లేదు."

అతను జేబులోంచి మాత్రల అట్ట తీసి ఒకటి నోట్లో వేసుకుని, లీటరు సీసా ఎత్తి సగం ఖాళీ చేశాడు. ఆమె చూపు అట్ట మీద ఆగడం చూసి, "గుండెకి. రెండేళ్ల నుంచి వేసుకుంటున్నాను. షుగరా, లేదు. నా బ్లడ్ షుగర్ తొంభై రెండు" అన్నాడు.

"నేనడగలేదండీ."

"చెబితే తప్పేంటి?" అని లేచి, పెరటి వైపు మెట్ల కింద ఉన్న బాత్రూముకి వెళ్లాడు. ఆమె వచ్చిన గంటలో అది మూడోసారి.

భూతద్దం పేపరు అంచు మీద లెక్క వేసింది. డబ్బాలో రెండు వేల తొమ్మిది వందల మిల్లీలీటర్లు. ప్రతి వందలో అరవై ఎనిమిది మిల్లీగ్రాముల క్రియాటినిన్. మొత్తం పంతొమ్మిది వందల డెబ్బై రెండు.

పెన్సిల్ అక్కడే ఆగిపోయింది.

క్రియాటినిన్ అంటే కండ అరిగితే వచ్చే బూడిద. కిడ్నీలు దాన్ని ఊడ్చి బయట పోస్తాయి. పొయ్యిలో ఎంత కట్టె ఉంటే అంత బూడిద. ముప్పై ఎనిమిది కిలోల ముసలావిడ ఒంట్లో రోజుకి నాలుగు వందలొస్తే గొప్ప. దగ్గరదగ్గర రెండు వేలు రావాలంటే ఎవడో మొద్దులాంటి మగవాడు కావాలి.

అది ఆవిడ యూరిన్ కాదు.

ఆమె ల్యాబ్‌కి ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడక్కడ పెద్ద.

"హెడ్‌మిస్ట్రెస్ గారి డబ్బాలో ప్రింటు చెయ్యనిది ఇంకేమైనా ఉందా?"

"మీకెలా తెలిసిందక్కా? డాక్టరడిగినవే ప్రింటు చేశాం. కానీ మీరు నేర్పిన అలవాటుందిగా, ఏ డబ్బా వచ్చినా ముందు స్ట్రిప్ ముంచాల్సిందేనని. షుగర్ మూడు ప్లస్సులొచ్చింది. రిజిస్టర్లో రాశాను. ఆవిడకి షుగరుందేమో అనుకున్నా."

"లేదు. మిగిలింది పారబోశావా?"

"మూడు రోజులు పారబోయకూడదన్నది కూడా మీరేగా. ఫ్రిజ్‌లో ఉంది."

"ఆ ఫ్రిజ్‌కి తాళం వేసి, చెవి నీ దగ్గరే ఉంచుకో. పోలీసులడిగినా ఇవ్వకు."

"పోలీసులడిగితేనా?"

"వాళ్లడిగితే మరీ ఇవ్వకు" అంది భూతద్దం. అలా ఎందుకన్నదో అప్పటికి ఆమెకే తెలియదు. మాట అలవాటుగా వచ్చేసింది.

ఆయాని వంటింట్లోకి పిలిచింది. పగలంతా పెద్దావిడని చూసుకునేది ఆమే.

"మంగళవారం పెద్దమ్మగారు ఎన్నిసార్లు ఒంటికి వెళ్లారు?"

"తొమ్మిదిసార్లండి. రాత్రివి కోడలమ్మగారు పట్టి ఉంచితే అవీ కలుపుకునే చెబుతున్నాను. ఒక్కోసారి ఇంత" అని అరగ్లాసు కొలత వేలితో చూపించింది.

"అన్నీ కలిపితే?"

"లీటరు కూడా కాదండి."

"మరి డబ్బా నిండుగా ఉందేం?"

ఆయా మొహం మాడిపోయింది. "నేనూ అదే అనుకున్నానమ్మగారూ. బుధవారం పొద్దున ఎత్తితే చెయ్యి లాగేసింది. పోనీలే, బాగానే పోశారని సంతోషించాను."

"డబ్బా ఎక్కడ పెట్టారు? చల్లగా ఉంచమని చీటీ మీద రాసుంటుంది. ఫ్రిజ్‌లోనా?"

ఆయా గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో కోడలు నిలబడి ఉంది.

"నేనే వద్దన్నాను పిన్నిగారూ. పాల పక్కన అదేంటండీ? మీరైతే పెడతారా?"

"నేను పెట్టేదాన్ని. మా ఆయన అది చూసి నెల రోజులు ఫ్రిజ్‌లో నీళ్లు కూడా తాగలేదు" అంది భూతద్దం. "మరెక్కడ పెట్టారు?"

"మెట్ల కింద బాత్రూములో. టబ్బులో ఐసు వేసి, అందులో."

ఫ్రిజ్‌లో ఉంటే ఇంట్లోవాళ్ల కళ్లు దాని మీద ఉండేవి. మెట్ల కింద బాత్రూముకి లోపల గడియ ఉంది, బయట చీకటి ఉంది, వాడేవాళ్లకి పనుంది. పాలు మైల పడకుండా కాపాడబోయి, సాక్ష్యాన్ని వీధిలో పెట్టినట్టయింది. ఆ మాట భూతద్దం పైకి అనలేదు. కోడలి కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

"ల్యాబ్‌వాళ్లు డబ్బాలు ఎన్నిచ్చారు?"

"రెండు" అంది ఆయా. "ఒకటి నిండితే ఇంకోటి కావాలని. రెండోది కోడలమ్మగారు మొక్కలకి నీళ్లు పొయ్యడానికి తీసుకున్నారేమో."

"నేనా? నువ్వు మీ ఇంటికి పట్టుకెళ్లావనుకున్నాను!"

"ఆ డబ్బా నేనేం చేసుకుంటానమ్మా, అందులో ఊరగాయ పెట్టుకుంటానా?"

"అరవకండి" అంది భూతద్దం. "ఇద్దరూ తియ్యలేదు. తీసినవాడికి అది అవసరమైంది."

పన్నెండూ ఇరవై. బాత్రూములో ఇన్‌స్పెక్టర్ లేడు. వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

ఆమె లోపలికెళ్లి తలుపు వేసుకుని దీపం వేసింది. ఎడమ పక్క టబ్బు, ఇప్పుడు ఖాళీ. కుడి పక్క ఎండిపోయిన చీపుళ్లు, పెద్ద బకెట్టు. కిటికీ సందులోంచి చీమలు ఒక బారు కట్టి, గోడ దిగి, బకెట్టు వెనక్కి పోతున్నాయి. చీమలు ఊరికే నడవవు. వాటి వెంట వంటింటి నుంచి పెరటి దాకా నడిచిన ఆడమనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

బకెట్టు పక్కకి జరిపింది.

నేల మీద చీమలు గుండ్రంగా కూర్చున్నాయి. వృత్తలేఖిని పెట్టి గీసినంత కుదురుగా. ఆమె సంచీలోంచి కొలత టేపు తీసింది. అడ్డంగా పదహారు సెంటీమీటర్లు. ల్యాబ్ డబ్బా అడుగు అంతే. ఇరవై రెండేళ్లు మోసింది, కొలవకపోయినా తెలుసు.

ఆయా పట్టిన డబ్బా ఆ రోజంతా టబ్బులోనే ఉంది. టబ్బులో ఉన్నది నేల మీద గుండ్రం గియ్యదు. ఈ చీపుళ్ల మూల ఒక పగలూ ఒక రాత్రీ కూర్చున్నది రెండో డబ్బా. ఎవడో ఇక్కడే, వచ్చినప్పుడల్లా, తలుపు వేసుకుని దాన్ని నింపాడు. బుధవారం పొద్దున ఆరు లోపు టబ్బులో ఉన్నదాన్ని తీసేసి ఇది పెట్టాడు. అంచున కారిన చుక్కల్లో షుగరుంది. మనుషులకి వారం పట్టేది చీమలకి పూట పట్టలేదు.

తలుపు తీస్తే ఎదురుగా ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు.

"చీమల్ని కూడా విచారిస్తున్నారా?"

"ఈ ఇంట్లో అడ్డదిడ్డంగా నడవనివి అవే."

అప్పుడామె ఒక పొరపాటు చేసింది. గంటన్నర గుమ్మంలో నిలబెట్టిన మొహం కళ్ల ముందు నవ్వుతుంటే, నోరు ఊరుకోలేకపోయింది. "మీ బ్రహ్మాండమైన కిడ్నీలు పెద్దావిడవి కావండీ. ఆ డబ్బా నింపింది మంచి కండపట్టు ఉన్న మగవాడు. ఎవడో గానీ పాపం నిజాయితీపరుడు. చీటీలో ఇరవై నాలుగు గంటలని రాస్తే ఇరవై నాలుగు గంటలూ పట్టాడు. ఏడు వందల మిల్లీలీటర్లు పోసి ఊరుకునుంటే లెక్క సరిగ్గా ముసలావిడ లెక్కలా కుదిరేది, నేనూ ఇంటికెళ్లి పడుకునేదాన్ని."

ఇన్‌స్పెక్టర్ కళ్లు ఒక్క క్షణం ఆమె మీంచి బకెట్టు మీదికి వెళ్లి వచ్చాయి.

"కండపట్టు ఉన్న మగవాడా?" అన్నాడు నెమ్మదిగా. "ఈ ఇంట్లో ఆరడుగుల కొడుకున్నాడు. వాడి పెళ్లాం ఆ డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. మిమ్మల్ని పిలిపించిందీ ఆవిడే, అనుమానం తన మీదికి రాకుండా. ఇంతకంటే ఏం కావాలండీ మీకు?"

"కారణం కావాలి. ఒంట్లో బాగాలేని మనిషిని బాగున్నట్టు చూపిస్తే ఎవరికేం లాభం?"

"అది స్టేషన్లో వాళ్లే చెబుతారు. మిగిలిన శాంపిల్ ఎక్కడుంది?"

"ల్యాబ్‌లో."

"మంచిది" అని గిర్రున తిరిగాడు. "నేను పైన సాక్షి దగ్గరుంటాను. ఇంట్లోవాళ్లనెవర్నీ నమ్మలేం." బూట్ల చప్పుడు మెట్లెక్కి పోయింది. పన్నెండూ ముప్పై.

కొడుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. వాలీబాల్ ఆడే మనిషి, గుమ్మం దాటాలంటే తల వంచాలి. భూతద్దం అతని చేతిలో ఒక గ్లాసు పెట్టింది.

"ఇది పట్టుకెళ్లి కాస్త నింపుకురా బాబూ."

"నేనా? పరీక్ష మా అమ్మకి కదండీ?"

"వెళ్లండి, మీ సిగ్గు తగలెయ్యా" అంది కోడలు. "అవతల మనిద్దర్నీ దొంగల్లా చూస్తుంటే."

అయిదు నిమిషాల్లో గ్లాసొచ్చింది. భూతద్దం సంచీలో పర్సు లేకపోయినా స్ట్రిప్పుల సీసా ఉంటుంది. ఒకటి ముంచి, వాచీ చూసుకుంటూ అర నిమిషం పట్టుకుంది. షుగర్ గడి లేత నీలంగానే ఉండిపోయింది. ఇంకోటి ముంచింది. మళ్లీ నీలమే.

"ఏంటండీ దానర్థం?" అన్నాడు కొడుకు.

"నువ్వు మీ అమ్మని ఏమీ చెయ్యలేదని అర్థం. వెళ్లి చేతులు కడుక్కో."

అతను కడుక్కోలేదు. బల్ల మీదికి వాలి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కోడలు అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది.

భూతద్దం అటు చూడకుండా మొహం తిప్పుకుంది. తిప్పుకున్న చోట ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతంతో అంటించిన మందుల చీటీ కనిపించింది. నరాల నొప్పి మాత్ర. "రోజుకి ఒకటి" అన్నది కొట్టేసి, నిన్నటి తేదీతో "మూడు" అని రాసి ఉంది. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి తొమ్మిది.

"అమ్మాయ్, ఇది ఎందుకు పెంచారు?"

"నిన్న రిపోర్టు చూశాక డాక్టరుగారు ఫోన్లో చెప్పారు పిన్నిగారూ. ఆయన సోమవారమే అన్నారు, ఈ మాత్ర కిడ్నీల్లోంచే బయటికి పోవాలట. కిడ్నీలు మందగిస్తే ఒంట్లోనే పేరుకుపోయి మగత కమ్ముతుందట, అలా అయితే వెంటనే ఆపెయ్యాలి, లేకపోతే ఊపిరికే ప్రమాదమన్నారు. కిడ్నీలు బాగుంటే మాత్రం నొప్పి వల్ల నిద్ర లేకే ఇలా ఉన్నారని, డోసు పెంచుతానన్నారు."

భూతద్దం చేతిలోని రిపోర్టు మళ్లీ విప్పింది.

విషం కోసం వంటిల్లంతా వెతకాలనుకుంది. విషం చేతిలోనే ఉంది, ప్రింటయి, సంతకంతో సహా. ఎవడూ పాలల్లో ఏమీ కలపలేదు. బాగాలేని కిడ్నీలని బాగున్నాయని నమ్మిస్తే చాలు. మిగిలిన పని డాక్టరు చీటీ, కోడలి చేతులు, గోడ గడియారం కలిసి చేసేస్తాయి. నింద కూడా ఆ చేతుల మీదే పడుతుంది.

"డాక్టరుగారు సోమవారం ఆ మాట చెప్పినప్పుడు ఎవరెవరున్నారు?"

"మేమిద్దరం. ఆయా పైనుంది." కోడలు ఆలోచించింది. "ఇన్‌స్పెక్టర్ గారు గుమ్మంలో ఉన్నారు. డాక్టరు గారిని ఆయన కూడా ఏదో అడిగారు. ఆ, ఎన్ని గంటలు పట్టాలి అని."

హాల్లో ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన లీటరు సీసా, అడుగంటా ఖాళీ. సీసా కింద మాత్రల అట్ట. భూతద్దం అట్ట తిప్పి మందు పేరు చదివింది.

ల్యాబ్‌లో చివరి అయిదేళ్లలో ఈ మాత్ర వేసుకునేవాళ్ల సీసాలు ఆమె వందల్లో చూసింది. కొత్త రకం. షుగర్‌కే కాదు, గుండెకీ ఇస్తారు. ఇది ఒంట్లో షుగర్ని కిడ్నీల ద్వారా బయటికి తోసేస్తుంది. రక్తంలో తొంభై రెండే ఉంటుంది, యూరిన్‌లో మాత్రం మూడు ప్లస్సులు. వేసుకున్నవాళ్లకి దాహం ఎక్కువ, బాత్రూము ప్రయాణాలు ఎక్కువ. ఆ సంగతి వేసుకునేవాళ్లకే సరిగ్గా తెలియదు. "షుగరా, లేదు" అని ఛాతీ విరుచుకుని చెబుతారు.

పిగిలిపోతున్న చొక్కా చేతులు. రెండు వేల మిల్లీగ్రాముల బూడిద. మెట్ల కింద బాత్రూము.

రేపు పదిన్నరకి కోర్టుకొచ్చే ముద్దాయి ఇతనికి ఏమవుతాడో తర్వాత తేల్చుకోవచ్చు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. తను నోరు జారి, డబ్బా మార్చిన సంగతి డబ్బా మార్చినవాడికే చెప్పింది. ఇంక రాత్రి తొమ్మిదింటి మాత్ర దాకా ఆగే తీరిక అతనికి లేదు.

పెరటి గుమ్మం దగ్గర ఆయా కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది.

"నువ్విక్కడున్నావేంటి? పైన ఎవరున్నారు?"

"ఇన్‌స్పెక్టర్ గారండి. నువ్వెళ్లి భోంచెయ్యి, ఒంటిగంట మాత్ర నేనే వేస్తానన్నారు. మంచాయన. మాత్రల సీసా మొత్తం ఇలా ఇమ్మని తీసుకున్నారు, మూత నాకు రావడం లేదని."

గోడ గడియారం పన్నెండూ యాభై రెండు. భూతద్దం మెట్ల వైపు చూసింది. గంటలో మూడుసార్లు బాత్రూముకి పరిగెత్తిన మనిషి, లీటరు సీసా ఖాళీ చేసి కూడా, ఇరవై రెండు నిమిషాలుగా కిందికి దిగలేదు.

ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి, పై గది తలుపుకి లోపల గడియ పడింది.